ఎన్ని గంటల బిడ్డ?

లేబర్ రూమ్ తలుపు తెరుచుకోగానే బయట కాచుకున్న పెద్దవాళ్లు రెండు ప్రశ్నలు అడుగుతారు. ఆడా, మగా? టైమెంత? రెండో ప్రశ్న జాతకం కోసం. నిమిషం అటూ ఇటూ అయితే పాదం మారిపోతుందేమోనని తాతయ్య బెంగ. లోపల స్టాఫ్ నర్సు ఆ నిమిషాన్ని అప్పటికే కేస్ షీటులో రాసేసి ఉంటుంది. ఆమెకు దానితో వేరే అవసరం ఉంది. రాబోయే 28 రోజులపాటు ఆ బిడ్డలో ఏం కనిపించినా, అది మామూలా, ప్రమాదమా అని తేల్చడానికి ఆమె ఆ నిమిషం నుంచే లెక్క మొదలుపెడుతుంది.

పెద్దవాళ్లలో జ్వరం ఉదయం వచ్చినా సాయంత్రం వచ్చినా జ్వరమే. అప్పుడే పుట్టిన బిడ్డ సంగతి అలా ఉండదు. రక్తంలో ఆక్సిజన్ 65 శాతం ఉంటే తొలి నిమిషంలో ఎవరూ కంగారుపడరు, పదో నిమిషంలో అయితే పరుగెత్తాలి. ఒంటి పసుపు మూడో రోజు కనిపిస్తే చాలా మంది పిల్లల్లో మామూలే, పుట్టిన ఇరవై గంటలకే కనిపిస్తే అత్యవసరం. బరువు తొలి వారంలో తగ్గొచ్చు, మూడో వారంలో తగ్గకూడదు. అందుకే పసిపిల్లల వార్డులో డ్యూటీ మారేటప్పుడు వచ్చే సిస్టర్ వెళ్లే సిస్టర్‌ని ముందుగా అడిగేది, ఎన్ని గంటల బిడ్డ అని.

ఈ లెక్క ఎంత విలువైందో మరణాల పట్టిక చెబుతుంది. 2022లో ప్రపంచవ్యాప్తంగా దాదాపు 23 లక్షల మంది శిశువులు నెల నిండకుండానే చనిపోయారు. నెలలోపు మరణాల్లో సుమారు మూడు వంతులు, అంటే నాలుగింట మూడు, తొలి వారంలోనే జరుగుతాయి. మన దేశంలో 2020 నాటి నమూనా నమోదు వ్యవస్థ లెక్కల ప్రకారం పుట్టిన ప్రతి 1000 మందిలో 20 మంది తొలి 28 రోజులు దాటలేదు. వీటిలో చాలా మరణాలకు కారణాలు నాలుగే: నెలలు నిండకపోవడం, పుట్టగానే ఊపిరి అందకపోవడం, ఇన్‌ఫెక్షన్లు, పుట్టుకతో వచ్చే లోపాలు. మొదటి మూడింటిలో, వేళకు చూసిన కళ్లు ఉంటే బతికే పిల్లలు ఎక్కువ.

మొదటి నిమిషం

కడుపులో ఉన్నంత కాలం బిడ్డ ఊపిరితిత్తుల్లో గాలి ఉండదు, ద్రవం ఉంటుంది. ఆక్సిజన్ మాయ నుంచి బొడ్డుతాడు ద్వారా వస్తుంది. పని లేని ఊపిరితిత్తులకు రక్తమంతా వెళ్లనక్కర్లేదు కాబట్టి గుండె దగ్గర రెండు అడ్డదారులు ఉంటాయి. ఒకటి పై గదుల మధ్య రంధ్రం. రెండోది ఊపిరితిత్తుల ధమనిని బృహద్ధమనితో కలిపే చిన్న నాళం. పుట్టగానే మొదటి ఏడుపుతో గాలి లోపలికి దూసుకుపోతుంది, ద్రవం రక్తంలోకి ఇంకుతుంది, ఊపిరితిత్తుల రక్తనాళాలు తెరుచుకుంటాయి. గాలి తిత్తులు మళ్లీ అతుక్కుపోకుండా సర్ఫాక్టెంట్ అనే పదార్థం కాపాడుతుంది. నెలలు నిండని పిల్లలకు అది చాలినంత తయారై ఉండదు, వాళ్ల ఆయాసానికి మూలం అక్కడే.

ఈ మార్పు అంతా క్షణంలో జరిగిపోదు. ఆరోగ్యంగా పుట్టిన బిడ్డ కుడిచేతికి పల్స్ ఆక్సీమీటర్ పెడితే మొదటి నిమిషంలో 60 నుంచి 65 శాతం, అయిదో నిమిషానికి 80 నుంచి 85, పదో నిమిషానికి 85 నుంచి 95 కనిపిస్తుంది. ఈ మెట్లు తెలియనివాళ్లు మొదటి అంకె చూసి అనవసరంగా ఆక్సిజన్ పెట్టేస్తారు. పసికందుకు అవసరానికి మించిన ఆక్సిజన్ కూడా హానే.

పది మందిలో సుమారు తొమ్మిది మంది ఎవరి సాయమూ లేకుండానే ఊపిరి అందుకుంటారు. వాళ్లకు చేయాల్సింది తక్కువే. వెచ్చటి నూలు గుడ్డతో తుడవాలి, తడిసిన ఆ గుడ్డ తీసేసి పొడిది వేయాలి, తల్లి గుండెల మీద పడుకోబెట్టాలి. ఏడ్చిన బిడ్డకు బొడ్డుతాడు వెంటనే కోయనక్కర్లేదు. కనీసం ఒక నిమిషం ఆగితే మాయలో మిగిలిన రక్తం బిడ్డకు చేరుతుంది. తర్వాతి నెలల్లో రక్తహీనత రాకుండా కాపాడే ఇనుము అందులో ఉంటుంది.

ఏడవని బిడ్డ దగ్గర మాత్రం గడియారం పరుగెడుతుంది. తుడుస్తూనే వీపు మీద చేత్తో పైకీ కిందికీ రుద్దుతారు, అరికాలి మీద వేలితో రెండుసార్లు తడతారు. పాత సినిమాల్లో చూపించినట్టు తలకిందులుగా వేలాడదీసి కొట్టడం ఎక్కడా లేదు. అప్పటికీ ఊపిరి తీసుకోకపోతే నిమిషం పూర్తయ్యేలోపు బ్యాగ్, మాస్క్‌తో గాలి అందించడం మొదలవ్వాలి, నిమిషానికి 40 నుంచి 60 సార్లు. దీన్నే గోల్డెన్ మినిట్ అంటారు. 2009లో మన దేశంలో మొదలైన నవజాత శిశు సురక్షా కార్యక్రమం నర్సులకు, ఏఎన్‌ఎంలకు, డాక్టర్లకు బొమ్మల మీద సాధన చేయించేది ఈ అరవై సెకన్లనే. గాలి సరిగా అందుతోందనడానికి తొలి గుర్తు గుండె వేగం పెరగడం. రంగు మారడం ఆ తర్వాత.

ఈ హడావుడి మధ్యలో రాసే స్కోరే ఆప్‌గార్. న్యూయార్క్‌లో మత్తు వైద్యురాలిగా పనిచేసిన వర్జీనియా ఆప్‌గార్ దీన్ని 1952లో రూపొందించారు, 1953లో అచ్చయింది. అప్పట్లో కాన్పు గదిలో అందరి కళ్లూ తల్లి మీదే ఉండేవి, బిడ్డ ఎలా ఉందో ఒక పద్ధతిగా చూసేవాళ్లు తక్కువ. గుండె వేగం, ఊపిరి, కండరాల బిగువు, తాకితే స్పందన, ఒంటి రంగు: ఒక్కోదానికి 0, 1 లేదా 2 మార్కులు. మొదటి నిమిషంలో ఒకసారి, అయిదో నిమిషంలో మరోసారి వేస్తారు. 7 నుంచి 10 వస్తే బిడ్డ బాగున్నట్టు. మొదటి స్కోరు 4 ఉన్నా రెండోది 8 అయితే, ఆ నాలుగు నిమిషాల్లో బిడ్డ కోలుకున్నట్టు. స్కోరు కోసం ఆగి గాలి అందించడం ఆలస్యం చేయకూడదు, పెద్దయ్యాక తెలివితేటలు ఎలా ఉంటాయో ఆ అంకె చెప్పదు కూడా.

రంగు దగ్గర మనవాళ్లకు ఒక చిక్కుంది. గులాబీ రంగు అనే కొలత తెల్లవాళ్ల పిల్లలను చూసి పెట్టింది. మన పిల్లల్లో చర్మం చూస్తే తేలదు, నాలుక, చిగుళ్లు, పెదవి లోపలి వైపు చూడాలి. అరచేతులూ అరికాళ్లూ నీలంగా ఉండటం తొలి రోజు మామూలే. పుట్టిన తొలి కొన్ని నిమిషాలు దాటాక నాలుక నీలంగా ఉంటే ఏ గంటలో అయినా మామూలు కాదు.

తొలి గంట

కడుపులో 37 డిగ్రీల వెచ్చదనంలో ఉన్న బిడ్డ తడిగా ఏసీ గదిలోకి వస్తుంది. తడి బట్టలతో ఫ్యాను కింద నిలబడితే మనకెలా ఉంటుందో ఆలోచించండి. బిడ్డకు అంతకన్నా కష్టం, ఎందుకంటే ఒంటి బరువుతో పోలిస్తే చర్మం వైశాల్యం ఎక్కువ, చలికి వణికి వేడి పుట్టించుకునే శక్తి లేదు. భుజాల ఎముకల మధ్య, మెడ దగ్గర, మూత్రపిండాల చుట్టూ ఉండే గోధుమరంగు కొవ్వును కరిగించుకునే వెచ్చబడుతుంది. అందుకు ఆక్సిజన్ కావాలి, చక్కెర కావాలి. అంటే చలిపడ్డ బిడ్డకు ఊపిరి వేగం పెరుగుతుంది, రక్తంలో చక్కెర పడిపోతుంది, నీరసంతో పాలు తాగదు, తాగకపోతే ఇంకా చల్లబడుతుంది. అందుకే కాన్పు గదిలో 25 డిగ్రీలకు తగ్గకుండా ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఆపరేషన్ థియేటర్లో ఏసీ తగ్గించమని సిస్టర్ పట్టుబట్టేది ఇందుకే.

చంకలో థర్మామీటర్ పెడితే 36.5 నుంచి 37.5 డిగ్రీల సెల్సియస్, మన ఇళ్లలోని ఫారెన్‌హీట్ లెక్కలో 97.7 నుంచి 99.5 వరకు ఉండాలి. థర్మామీటర్ లేకపోయినా నర్సుకు ఇంకో పద్ధతి ఉంది. చేతి వెనుక వైపుతో ముందు బిడ్డ పొట్టను, తర్వాత పాదాన్ని తాకుతుంది. రెండూ వెచ్చగా ఉంటే బాగున్నట్టు. పొట్ట వెచ్చగా, పాదం చల్లగా ఉంటే బిడ్డ చలితో పోరాడుతోంది, ఇప్పుడే కప్పాలి. రెండూ చల్లబడితే పోరాటంలో ఓడిపోతోంది. పాదాలు ముందు చల్లబడటానికి కారణం ఉంది. గుండెకూ మెదడుకూ వేడి మిగల్చడం కోసం శరీరం చేతులూ కాళ్లకు వెళ్లే రక్తాన్ని ముందే తగ్గించేస్తుంది. థర్మామీటర్ అంకె మారకముందే ఈ తేడా చేతికి తెలుస్తుంది.

తల్లి ఒంటికి ఆనించి పడుకోబెట్టడం వెచ్చదనానికి అన్నిటికన్నా మంచి ఏర్పాటు. 1978లో కొలంబియా రాజధాని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక ఎడ్గార్ రే అనే వైద్యుడు బరువు తక్కువ పిల్లలను తల్లుల గుండెలకు కట్టి ఉంచడం మొదలుపెట్టారు. కంగారూ పద్ధతిగా పేరొచ్చింది. చాలా కాలం దీన్ని బిడ్డ నిలకడపడ్డాకే చేయాలనుకునేవారు. ఇక్కడా గంటల లెక్కే పాత నమ్మకాన్ని మార్చింది. భారత్‌తో పాటు ఘనా, మలావీ, నైజీరియా, టాంజానియాల్లో జరిగి 2021లో వెలువడిన అధ్యయనంలో, కిలో నుంచి 1.8 కిలోల లోపు బరువున్న పిల్లలకు పుట్టిన వెంటనే ఈ పద్ధతి మొదలుపెడితే, ఆగి మొదలుపెట్టిన వాళ్లకన్నా నెలలోపు మరణాలు 25 శాతం తగ్గాయి.

ముర్రుపాలు కూడా ఈ గంటలోనే పట్టాలి. పుట్టాక గంట, గంటన్నర వరకు బిడ్డ బాగా మెలకువగా ఉండి నోటితో వెతుక్కుంటుంది. తర్వాత గాఢ నిద్రలోకి జారుకుంటుంది. రక్తంలో చక్కెర సహజంగా అట్టడుగుకు దిగేది కూడా పుట్టిన ఒకటి రెండు గంటలకే. షుగర్ ఉన్న తల్లికి పుట్టిన బిడ్డకు, బరువు మరీ తక్కువ ఉన్న బిడ్డకు, నెలలు నిండని బిడ్డకు మడమ పక్కన చిన్న సూదితో రక్తం తీసి చూస్తారు. 45 మిల్లీగ్రాముల కన్నా తక్కువ ఉంటే ఊరుకోరు. ఇలాంటి బిడ్డ చేయి వణికితే సిస్టర్ ఆ చేతిని మెత్తగా పట్టుకుంటుంది. పట్టుకోగానే వణుకు ఆగితే అది మామూలు వణుకు, చక్కెర చూసుకోవాలి. పట్టుకున్నా లోపల కొట్టుకుంటూనే ఉంటే అది ఫిట్స్.

తల నుంచి పాదం దాకా

మొదటి రోజులో ఒకసారి బిడ్డను పూర్తిగా చూస్తారు. దీనికి ఒక వరుస ఉంది. ఏడిపించే పనులన్నీ చివరికి. ముందు గుడ్డ విప్పకుండా, తాకకుండా చూడటం. బిడ్డ ఎలా పడుకుంది, చేతులూ కాళ్లూ ముడుచుకుని ఉన్నాయా, ముఖం రెండు వైపులా ఒకేలా కదులుతోందా. తర్వాత ఊపిరి, ఆ తర్వాత గుండె, పొట్ట. నోట్లో వేలుపెట్టి అంగిలి చూడటం, తుంటి కీళ్లు తిప్పి చూడటం ఆఖరు. ఏడుస్తున్న బిడ్డ ఊపిరి లెక్కపెట్టినా ఆ అంకెకు విలువ లేదు.

ఊపిరి లెక్కపెట్టడం చూడటానికి ఎంత తేలికో, సరిగా చేయడం అంత కష్టం. సిస్టర్ గుడ్డ కాస్త పైకి జరిపి, గడియారాన్ని బిడ్డ పక్కనే పెట్టుకుని పొట్ట మీద చూపు నిలుపుతుంది. పసిపిల్లల ఊపిరి ఛాతీలో కన్నా పొట్టలో బాగా కనిపిస్తుంది. పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేస్తే తప్పు వస్తుంది. ఎందుకంటే ఈ వయసులో ఊపిరికి తాళం కుదరదు. కాసేపు గబగబా తీసుకుని, అయిదు నుంచి పది సెకన్లు ఆగి, మళ్లీ మొదలుపెడతారు. ఆ ఆగిన ముక్క దొరికితే తక్కువ వస్తుంది, గబగబా తీసుకున్న ముక్క దొరికితే ఎక్కువ వస్తుంది. నిండా అరవై సెకన్లు చూడాల్సిందే. 30 నుంచి 60 లోపు అయితే మామూలు. 60 లేదా అంతకన్నా ఎక్కువ వస్తే మళ్లీ ఒకసారి లెక్కపెడతారు. రెండోసారి కూడా అలాగే వస్తే డాక్టర్‌కి చెబుతారు. ఆగడం 20 సెకన్లు దాటినా, ఆగినప్పుడు నీలంగా మారినా ఊరుకునేది లేదు. డొక్కలు ఎగరేయడం, ముక్కుపుటాలు అదరడం, ఊపిరి వదిలేటప్పుడు మూలగడం, వీటికి అంకెలతో పని లేదు. మూలుగు అంటే మూసుకుపోతున్న గాలి తిత్తులను తెరిచి ఉంచడానికి బిడ్డ తనకు తానుగా చేస్తున్న ప్రయత్నం.

ఇది తెలుగువాళ్లకు మరీ అవసరమైన సంగతి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 లెక్కల్లో తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే, దేశంలోకెల్లా ఎక్కువ. ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం. దేశ సగటు 21.5. నొప్పులు వచ్చినప్పుడు బిడ్డ ఒంట్లో పుట్టే హార్మోన్లు ఊపిరితిత్తుల ద్రవం ఇంకిపోవడానికి తోడ్పడతాయి. నొప్పులే రాకుండా ముహూర్తం చూసి ఆపరేషన్ చేస్తే ఆ సాయం అందదు. అలాంటి పిల్లల్లో కొందరు పుట్టిన కొన్ని గంటలు గబగబా ఊపిరి తీస్తారు. చాలా మందిలో ఒకటి నుంచి మూడు రోజుల్లో అదే తగ్గుతుంది. తగ్గకుండా పెరుగుతూ ఉంటే ఇన్‌ఫెక్షనో, ఇంకేదో అయి ఉండొచ్చు. తగ్గుతోందా పెరుగుతోందా అన్నది తెలియాలంటే రెండు గంటల కిందటి అంకె షీటులో ఉండాలి.

తల మీది వాపు కూడా గంటలను బట్టే అర్థమవుతుంది. పుట్టగానే మెత్తగా కనిపించి, ఎముకల అతుకులను దాటి పరుచుకున్న వాపు ఒకటి రెండు రోజుల్లో పోతుంది. పుట్టినప్పుడు లేకుండా కొన్ని గంటల తర్వాత ఒక ఎముక మీద మాత్రమే లేచిన గడ్డ, ఎముక పొర కింద చేరిన రక్తం. దానికి వారాలు పడుతుంది, ఆ రక్తం విరిగేటప్పుడు కామెర్లు ఎక్కువ కావచ్చు. తల చుట్టుకొలత గంట గంటకూ పెరుగుతూ బిడ్డ పాలిపోతుంటే మాత్రం లోపల రక్తస్రావం. వాక్యూమ్ పెట్టి తీసిన బిడ్డ తలను సిస్టర్ టేపుతో మళ్లీ మళ్లీ కొలిచేది ఇందుకు.

బిడ్డకు నెలలు నిండాయా అన్నదీ ఒళ్లు చూసి చెప్పొచ్చు. చెవిని మెల్లగా మడిచి వదిలితే నెలలు నిండిన బిడ్డ చెవి టక్కున లేస్తుంది, నిండనిది మడత పడే ఉంటుంది. అరికాలి గీతలు మడమ దాకా ఉన్నాయా, ముందు భాగంలోనే ఉన్నాయా అని చూస్తారు. ఈ పరీక్ష తొలి 12 గంటల్లోనే చేయాలి. తర్వాత చర్మం ఆరి లేని గీతలు కూడా కనిపిస్తాయి. ఇక తలను చేత్తో పట్టుకుని కాస్త వెనక్కి వదిలితే బిడ్డ ఉలిక్కిపడి రెండు చేతులూ బార్లా చాపి మళ్లీ దగ్గరకు తెచ్చుకుంటుంది. ఒక చెయ్యి లేవకపోతే కాన్పులో భుజం దగ్గర నరం సాగిందో, కాలర్ బోన్ విరిగిందో చూడాలి.

అమ్మమ్మలను భయపెట్టేవి కొన్ని ఉంటాయి, వాటికి మందు అక్కర్లేదు. పిరుదుల మీద నీలి మచ్చ దెబ్బ తగిలింది కాదు, మన పిల్లల్లో చాలా మందికి ఉంటుంది, ఏళ్ల మీద పోతుంది. మగపిల్లలకైనా ఆడపిల్లలకైనా రొమ్ములు ఉబ్బడం, ఆడబిడ్డకు కొద్దిగా రక్తపు మరక కనిపించడం తల్లి హార్మోన్ల ప్రభావం. ఉబ్బిన రొమ్ములను పిండితే చీము పట్టే ప్రమాదం ఉంది.

రెండో రోజు

రెండో రోజు, ఊపిరితిత్తుల ధమనిని బృహద్ధమనితో కలిపే ఆ చిన్న నాళం మూసుకుపోయే రోజు. ఆరోగ్యమైన బిడ్డలో ఒకటి నుంచి మూడు రోజుల్లో అది మూతపడుతుంది, ఎవరికీ తెలియను కూడా తెలియదు. కానీ కొన్ని రకాల గుండె లోపాలతో పుట్టిన బిడ్డ బతుకు ఆ నాళం మీదే ఆధారపడి ఉంటుంది. అది తెరిచి ఉన్నంత సేపూ బిడ్డ చక్కగా పాలు తాగుతుంది. మూసుకోవడం మొదలవగానే ఒక్కసారిగా నీరసించిపోతుంది. పుట్టగానే బాగుందని డిశ్చార్జి చేసిన బిడ్డ మూడో నాడు నీలంగా తిరిగి రావడం వెనుక ఈ కథ ఉంటుంది. అందుకే 24 గంటలు నిండాక కుడిచేతికి, ఒక పాదానికి ఆక్సీమీటర్ పెట్టి చూస్తారు. రెండు చోట్లా 95 శాతానికి తగ్గకుండా, రెంటి మధ్య తేడా 3 దాటకుండా ఉంటే పాసైనట్టు. నొప్పి లేదు, సూది లేదు, పట్టే సమయం కొద్ది నిమిషాలు.

లెక్కలో మిగతావీ సాగుతుంటాయి. తొలి 24 గంటల్లో నల్లటి జిగట విరేచనం కావాలి. అది మూడో రోజుకు ఆకుపచ్చగా, అయిదో రోజుకు ఆవపిండి రంగుకు మారితే పాలు సరిపోతున్నట్టు. మొదటి రోజు ఒక్కసారి ఉచ్చ పోసినా చాలు, వారం తిరిగేసరికి రోజుకు ఆరుసార్లయినా పోయాలి. పాలు కక్కడం మామూలు, ఆకుపచ్చ పసరు కక్కితే ఏ గంటలో అయినా పేగు మెలిక పడిందేమోనని వెంటనే చూపించాలి. బరువు పుట్టినప్పటి కన్నా 10 శాతం వరకు తగ్గొచ్చు, మూడు కిలోల బిడ్డకు అది 300 గ్రాములు. రెండు వారాల్లో మళ్లీ పుట్టిన బరువుకు రావాలి.

పుట్టినప్పుడే తొడకు వేసిన చిన్న ఇంజెక్షన్ విటమిన్ కె, ఒక మిల్లీగ్రాము. రక్తం గడ్డకట్టడానికి కావలసిన ఈ విటమిన్ మాయ దాటి బిడ్డకు అందేది చాలా తక్కువ, తల్లిపాలలోనూ తక్కువే. అది వేయకపోతే రెండో రోజు నుంచి వారం లోపు బొడ్డు నుంచో, మలంలోనో రక్తస్రావం కావచ్చు. నెలా రెండు నెలల వయసులో మెదడులో అయ్యే రక్తస్రావం ఇంకా ప్రమాదం. బీసీజీ, పోలియో చుక్కలు, హెపటైటిస్ బి టీకా దీనికి అదనం. వీటిలో హెపటైటిస్ బి 24 గంటల్లోపే పడాలి.

మూడో రోజు పసుపు

కడుపులోని బిడ్డకు ఎర్ర రక్తకణాలు ఎక్కువ, వాటి ఆయుష్షు తక్కువ. అవి విరిగినప్పుడు బిలిరుబిన్ అనే పసుపు పదార్థం పుడుతుంది. దాన్ని వదిలించే కాలేయపు ఎంజైము ఇంకా పూర్తిగా పని మొదలుపెట్టదు. అందుకే నెలలు నిండిన పిల్లల్లో సగానికి పైగా రెండో మూడో రోజు కొద్దిగా పచ్చబడతారు, వారం పది రోజుల్లో తేరుకుంటారు. 24 గంటల్లోపే పచ్చబడితే మాత్రం రక్తకణాలు వేగంగా విరుగుతున్నాయేమో చూడాలి. తల్లి ఆర్‌హెచ్ నెగెటివ్, బిడ్డ పాజిటివ్ అయితే ఇలా జరగొచ్చు. బిలిరుబిన్ మరీ పెరిగితే మెదడులోకి దిగి వినికిడి, కదలికలు శాశ్వతంగా దెబ్బతింటాయి.

వినోద్ భుటానీ బృందం 1999లో ప్రచురించిన పటం ఈ లెక్కను పసిపిల్లల వార్డుల గోడల మీదికి ఎక్కించింది. అడ్డంగా బిడ్డ వయసు గంటల్లో, నిలువుగా బిలిరుబిన్. రక్త పరీక్షలో 8 వచ్చిందనుకుందాం. 24 గంటల బిడ్డకు ఆ చుక్క ప్రమాదాన్ని సూచించే పై గీత దగ్గర పడుతుంది. అదే 8, 72 గంటల బిడ్డకు పటంలో అట్టడుగున, నిశ్చింత భాగంలో పడుతుంది. ల్యాబ్ కాగితం మీద ఉన్నది ఒకే అంకె. రక్తం ఎన్ని గంటలకు తీశారో రాయకపోతే ఆ కాగితం ఎందుకూ పనికిరాదు.

కంటితో చూసే పద్ధతీ ఉంది. పగటి వెలుతురులో నుదుటి మీద, ఛాతీ మీద, మోకాలి కింద వేలితో నొక్కి వదులుతారు. రక్తం తొలగిన ఆ క్షణంలో కింది పసుపు బయటపడుతుంది. అది ముఖం నుంచి కిందికి దిగుతుంది, అరచేతులూ అరికాళ్లూ పచ్చబడితే ఎక్కువైనట్టు. చామనఛాయ పిల్లల్లో కన్ను మోసపోతుంది కాబట్టి అనుమానం వస్తే పరీక్షే దారి.

ఇప్పుడు కామెర్ల పిల్లలను నీలి లైటు కింద పెడుతున్నామంటే ఒక నర్సు చూపే కారణం. 1956లో ఇంగ్లండ్‌లోని ఎసెక్స్‌లో, రోచ్‌ఫర్డ్ జనరల్ ఆసుపత్రిలో నెలలు నిండని పిల్లల విభాగాన్ని వార్డ్ అనే సిస్టర్ చూసుకునేవారు. వేసవిలో పిల్లలను ఆవరణలోకి తీసుకెళ్లి కాసేపు ఎండలో ఉంచడం ఆమె అలవాటు. ఒక రోజు రౌండ్లకు వచ్చిన డాక్టర్లకు ఒక బిడ్డ గుడ్డ విప్పి చూపించారు. ఒళ్లంతా పసుపు తగ్గి పాలిపోయి ఉంది, ఒక్కచోట మాత్రం ముక్కోణం ఆకారంలో చిక్కటి పసుపు మిగిలింది. దుప్పటి అంచు కప్పిన భాగం అది. డాక్టర్లు మొదట అదేదో మందు పూశారనుకున్నారు. కొన్నాళ్లకు కిటికీ దగ్గర ఎండలో ఉండిపోయిన ఒక రక్త నమూనాలో బిలిరుబిన్ అనుకున్న దానికన్నా తక్కువ వచ్చేసరికి సంగతి అర్థమైంది. 1958లో ఆ ఆసుపత్రి వైద్యులు లైటు చికిత్సను లాన్సెట్ పత్రికలో ప్రకటించారు. నీలి కాంతి బిలిరుబిన్ అణువు ఆకారాన్ని మార్చేస్తుంది, కాలేయంతో పని లేకుండా అది బయటికి పోతుంది. లైటు కింద కళ్లకు గంతలు కట్టడం, పాలు ఆపకుండా పట్టడం నర్సు పని. ఇంటి వాకిట్లో పొద్దుటి ఎండ చూపించడం దీనికి బదులు కాదు. ఎంత కాంతి పడిందో తెలియదు, ఎండ నమ్ముకుని పరీక్ష వాయిదా వేస్తే విలువైన గంటలు పోతాయి.

ఇంటికి వెళ్లాక

మన ఇళ్లలో పసిబిడ్డ చుట్టూ చాలా ఆచారాలున్నాయి. మొదటి స్నానానికి కనీసం 24 గంటలు ఆగాలి, బరువు తక్కువ బిడ్డకు ఇంకా ఆగాలి. పుట్టినప్పుడు ఒంటి మీదుండే తెల్లటి పూత చర్మాన్ని కాపాడుతుంది, గట్టిగా రుద్ది తీయనక్కర్లేదు. నూనె మర్దన ఆరోగ్యంగా ఉన్న బిడ్డకు మెత్తటి చేత్తో చేస్తే ఇబ్బంది లేదు. ముక్కులో, చెవిలో నూనె పోయడం, నోట్లో వేలు పెట్టి కెలకడం, సాంబ్రాణి పొగ ముఖానికి పట్టడం మానాలి. తేనె ఏడాది నిండే దాకా వద్దు, అందులో ఉండగల బీజాలు పసిపేగులో విషం తయారుచేస్తాయి. ఆముదం, వస, గాడిదపాలు, చక్కెర నీళ్లు ఏవి పెట్టినా ఆ మేరకు తల్లిపాలు తగ్గుతాయి, సూక్ష్మజీవులు చేరతాయి. బొడ్డు మీద ఏదీ పెట్టకుండా పొడిగా వదిలేస్తే ఒకటి రెండు వారాల్లో ఊడిపోతుంది.

ఇంట్లో ఈ కాపలా బాధ్యత ఆశా కార్యకర్తది. ఆసుపత్రిలో కాన్పయితే 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఆమె ఇంటికి రావాలి. తెలంగాణను ఆనుకుని ఉన్న మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలో అభయ్ బంగ్, రాణి బంగ్ దంపతుల సెర్చ్ సంస్థ ఊరి మహిళలకే ఊపిరి లెక్కపెట్టడం, బరువు తూయడం, చలి పడితే కాపాడటం, ఇన్‌ఫెక్షన్ గుర్తించి మందు ఇవ్వడం నేర్పింది. ఆ ఊళ్లలో, పోల్చి చూసిన మిగతా ఊళ్లకన్నా, నెలలోపు మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో వెల్లడైంది. ఈ రోజుల వరుసకు మూలం ఆ అనుభవమే.

ఆశా వచ్చే దాకా ఆగకూడని సందర్భాలు ఇంట్లో అందరికీ తెలియాలి. బాగా తాగుతున్న బిడ్డ పాలు మానేయడం, ఫిట్స్, నిమిషానికి 60 లేదా అంతకన్నా ఎక్కువ ఊపిరి, డొక్కలు ఎగరేయడం, ఒళ్లు కాలడం లేదా చల్లబడటం, తడితే తప్ప కదలకపోవడం, అరచేతులూ అరికాళ్లూ పచ్చబడటం, బొడ్డు చుట్టూ ఎర్రబారడం. నెలలోపు బిడ్డకు ఇన్‌ఫెక్షన్ వస్తే జ్వరమే రానక్కర్లేదు, చాలాసార్లు ఒళ్లు చల్లబడుతుంది. ఇందులో ఏ ఒక్కటి కనిపించినా రాత్రి వేళ అని ఆగొద్దు.

ఆసుపత్రి లోపలి మాట కూడా ఒకటుంది. ఈ వ్యాసంలో చెప్పుకున్న పరీక్షల్లో ఖరీదైనవి చాలా తక్కువ. గడియారం, థర్మామీటర్, టేపు, తూకం, ఆక్సీమీటర్, శుభ్రంగా కడుక్కున్న చేతులు. ఖరీదైంది సమయం. ఊపిరి నిండా నిమిషం లెక్కపెట్టాలి, అందులో అడ్డదారి లేదు. పది మంది పిల్లలకు ఒక్క సిస్టరే ఉంటే ఆ ఒక్క లెక్కకే పది నిమిషాలు పోతాయి. ఒంటి వేడి, రంగు, పాలు, తడి గుడ్డలు, మధ్య మధ్య చేతులు కడుక్కోవడం, రాయడం కలిపితే గంట దాటుతుంది. ఈలోపు మొదట చూసిన బిడ్డను మళ్లీ చూసే వేళ అవుతుంది. అలాంటి చోట షీటులో అంకెలు అందాజుగా పడతాయి, మార్పు ఎవరికీ కనిపించదు. వార్మర్లు, లైట్లు టెండరు పిలిచి కొనొచ్చు. రెండు గంటల కిందట చూసిన బిడ్డను మళ్లీ వేళకు చూసేవాళ్లు కావాలంటే డ్యూటీ చార్టులో చాలినన్ని పేర్లు ఉండాలి.